చలి ఊళ్ళకి గోల్ఫ్ ఆడటానికి వెళ్తున్నారా? స్వెట్టర్ ఒక్కటే చాలదు

జనవరిలో తెల్లవారుజామున 18 డిగ్రీలకి దిగితే చాలు, విజయవాడలో మంకీ క్యాపులు బయటికొస్తాయి. భోగి మంట కాచుకుంటే చలి తీరిపోయే ఊళ్ళు మనవి. ఆ ధీమాతోనే సంక్రాంతి సెలవుల్లో ఢిల్లీకో ఊటీకో గోల్ఫ్ కిట్టు వేసుకుని వెళ్తే మాత్రం వణకాల్సిందే. ఢిల్లీలో ఆ రోజుల్లో పొద్దున్నే 5, 6 డిగ్రీలు మామూలు. 2,240 మీటర్ల ఎత్తునున్న ఊటీలో అయితే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకునే రోజులూ ఉంటాయి. పైగా పద్దెనిమిది హోల్స్, అంటే ఒక పూర్తి ఆట, ఆడాలంటే నాలుగైదు గంటలు ఆరుబయటే ఉండాలి. కాసేపు నడక, కాసేపు ముందువాళ్ళ కోసం నిలబడటం. నడకలో పట్టిన చెమట నిలబడగానే చల్లబడి వీపుకి అంటుకుంటుంది. చాలామందికి చలి పట్టేది అక్కడే.

అందుకే మొదట మానేయాల్సింది నూలు బనియన్. మన ఎండలకి అంతకన్నా మంచిది లేదు గానీ, చలిలో అది చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. దాని బదులు ఒంటికి పట్టినట్టుండే పాలిస్టర్ లేదా సన్న ఉన్ని థర్మల్ వేసుకోండి. దాని మీద పల్చటి ఫ్లీస్ గానీ సన్న ఉన్ని స్వెట్టర్ గానీ, ఆ పైన గాలిని ఆపే చేతుల్లేని జాకెట్. ఛాతీ, వీపు వెచ్చగా ఉంటే చాలు, చేతులు ఊపడానికి అడ్డం ఉండకూడదు. ఒక్క మందపాటి స్వెట్టర్ కన్నా రెండు పల్చటివి మేలు, ఎండ వచ్చాక ఒకటి తీసి బ్యాగులో పెట్టుకోవచ్చు.

విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, లోపలి బట్టలన్నీ వేసుకున్న మీదే జాకెట్ తొడిగి, క్లబ్బు (బంతి కొట్టే కర్ర) లేకుండానే బ్యాక్‌స్వింగ్, అంటే కొట్టే ముందు చేతులు వెనక్కి ఎత్తడం, చేసి చూడండి. చేతులు ఎత్తినప్పుడు జాకెట్ నడుం పైకి లేస్తోందా, చంకల్లో లాగుతోందా, బట్ట బరబరమని చప్పుడు చేస్తోందా? ఈ మూడింట్లో ఏది ఉన్నా వద్దు. జీన్స్ అసలు వద్దు. మంచుకి మోకాళ్ళ దాకా తడిసి, మధ్యాహ్నమైనా ఆరవు. చాలా గోల్ఫ్ కోర్సుల్లో వాటిని లోపలికి రానివ్వరు కూడా. మామూలు ప్యాంటు కింద థర్మల్ పైజమా చాలు. మెడకి మఫ్లర్ చుడితే కొసలు ఊడి స్వింగ్‌కి అడ్డొస్తాయి. గొట్టంలా ఉండే నెక్ వార్మర్ తీసుకోండి. తలకి చెవులు మూసే ఉన్ని టోపీ చాలు. మంకీ క్యాప్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి, దాంతో పక్కకి చూపు ఆనదు, బంతి మీదికి వస్తోందని ఎవరైనా "ఫోర్!" అని అరిచినా సరిగా వినపడదు.

వేళ్ళు మొద్దుబారితే గ్రిప్ పట్టు తెలియదు, తెలియక గట్టిగా బిగిస్తారు, షాట్ చెడుతుంది. షాటుకి షాటుకి మధ్య రెండు చేతులకీ మిటెన్లు (నాలుగు వేళ్ళూ ఒకే చోట ఉండే గ్లవ్స్) వేసుకోండి, జేబులో హ్యాండ్ వార్మర్ (చేతులు వెచ్చబరిచే చిన్న పొట్లం) ఉంచుకోండి. మంచుకి తడిసిన తోలు గ్లవ్ జారుతుంది కాబట్టి పొడిది ఇంకొకటి దగ్గరుండాలి. కాళ్ళకి నీళ్ళు దిగని షూ, ఒకే జత ఉన్ని సాక్సు. రెండు జతలు తొడిగితే షూ బిగుసుకుని రక్తం ఆడదు, కాళ్ళు ఇంకా చల్లబడతాయి. షుగరు ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, తొమ్మిది హోల్స్ అయ్యాక ఒకసారి విప్పి చూసుకోవాలి.

చలిగాలి చిక్కగా ఉంటుంది, బంతి కూడా బిగుసుకుపోతుంది, దూరం తగ్గుతుంది. 8 ఐరన్ క్లబ్బు వాడే చోట, దానికన్నా దూరం కొట్టే 7 తీయండి. బంతిని హ్యాండ్ వార్మర్ పక్కన పెట్టి వేడి చేయాలని మాత్రం చూడకండి. కావాలని వేడి చేసిన బంతితో కొడితే గోల్ఫ్ రూల్స్‌లోని రూల్ 4.2 ప్రకారం డిస్‌క్వాలిఫై చేస్తారు. బంతులు చల్లబడిపోకుండా ముందు రోజు రాత్రి కిట్టుని కారు డిక్కీలో వదిలేయకుండా గదిలోకి తెచ్చుకోండి.

గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు పొద్దున్నే ఆట మొదలయ్యే తొలి టీ టైమ్ వద్దనుకుని, డాక్టరుని అడిగి బయల్దేరండి. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. మొదటి షాటుకి ముందు పది, పదిహేను నిమిషాలు ఒళ్ళు కదిలించండి. "చలికి ఒక పెగ్గు" అనే మాట నమ్మకండి. మందు చర్మంలోకి రక్తాన్ని తెచ్చి వేడిగా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, ఒంట్లో వేడి బయటికి పోతుంది. ఫ్లాస్కులో అల్లం టీ పోసుకెళ్ళండి. వణుకు ఆగకపోయినా, మాట తడబడినా, బంతి నిలబెట్టే టీ పుల్లని నేలలో గుచ్చడానికి వేళ్ళు వంగకపోయినా ఆట అక్కడితో ఆపి లోపలికి వెళ్ళి, తడి బట్టలు మార్చుకోవాలి. మాట తడబడితే ఆసుపత్రికే. తెల్లబడిన వేళ్ళని రుద్దకండి, మంట దగ్గర పెట్టకండి, గోరువెచ్చని నీళ్ళలో ఉంచండి.

గ్రీన్ (హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) మీద మంచు గడ్డకట్టి ఉంటే క్లబ్బువాళ్ళు ఆట మొదలుపెట్టనివ్వరు. గడ్డకట్టిన గడ్డిని తొక్కితే విరిగి, అడుగు పడ్డచోటల్లా మచ్చ మిగులుతుంది. ఆపినందుకు వాళ్ళతో గొడవపడకండి. ఆట అయ్యాక టీ తాగే ముందే లోపలి బట్ట మార్చుకోండి. షూని హీటర్ ముందు పెడితే జిగురు ఊడుతుంది. న్యూస్‌పేపర్ కుక్కి, నీళ్ళు పీల్చిన కాగితం తీసేసి కొత్తది పెడుతూ, గాలికి ఆరనివ్వండి.