అరవని నొప్పి: ముసలి పెంపుడు జంతువులకు ఉపశమన సేవ, 3వ పాఠం

పోయిన పాఠంలో గది సర్దుకున్నాం. జారే నేల మీద పట్టు ఉండే చాపలు పరిచాం, నీళ్ల గిన్నెను మెడ బాగా వంచనక్కర్లేని ఎత్తులో పెట్టాం, పడకను తేలిగ్గా ఎక్కి దిగేలా మార్చాం. అవన్నీ చేతులతో చేసే పనులు. ఈ పాఠంలో చేతులకు పని తక్కువ, కళ్లకు ఎక్కువ. ఈ వరుసలో ఒక్క పాఠం చదివే తీరికే ఉంటే ఇదే చదవండి. నయం కాని జబ్బుతో ఉన్న కుక్కకో పిల్లికో మనం చేయగల మేలంతా దాని నొప్పిని సమయానికి గుర్తించడంతోనే మొదలవుతుంది.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాకు పదిహేనేళ్ల పిల్లి ఉండేది. కిటికీ గట్టు దానిదే, ఇంట్లో ఎవరూ అక్కడ ఏమీ పెట్టేవాళ్లం కాదు. ఒక చలికాలం నుంచి అది గట్టు కింద నిలబడి పైకి చూసేది. వెనక కాళ్లు కూడదీసుకునేది, నడుము ఒకసారి అటూ ఇటూ ఊపేది. ఆ తర్వాత ఎగరకుండానే వెనక్కి తిరిగి మంచం కిందికి వెళ్లి పడుకునేది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. "ముసలిదైపోయింది పాపం" అనుకుని దాని పడక కూడా మంచం కిందికే మార్చాను. రెండు నెలల తర్వాత పళ్లు చూపించడానికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆమె పనిలో పనిగా దాని తుంటి మీద వేళ్లు ఆనించారు. వీపు మీది చర్మం అలలా వణికింది. తోక ఒక్కసారి బల్లకు కొట్టుకుంది. అంతే, అరుపు లేదు, గీరడం లేదు. కీళ్లు అరిగిపోయాయని తేలింది. మందు మొదలుపెట్టిన తొమ్మిదో రోజు పొద్దున లేచి చూస్తే అది కిటికీ గట్టు మీద కూర్చుని ఉంది.

ఆ రెండు నెలలూ నేను వయసనుకున్నది నొప్పి. ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు. ఈ పాఠాలు రాయడానికి కారణం కూడా అదే. వయసుకు మందు లేదు, నొప్పికి ఉంది. కాబట్టి "వయసు మీద పడింది" అనిపించిన ప్రతిసారీ అక్కడే ఆగి, ఇది నొప్పి కాదని నాకెలా తెలుసు అని మిమ్మల్ని మీరు అడగండి.

నమ్మకూడని సాక్ష్యాలు

"తింటోంది కదా, నొప్పి ఉంటే తింటుందా?" అని చాలామంది అడుగుతారు. తింటుంది. తీవ్రమైన కీళ్ల నొప్పితో ఉన్న కుక్క కూడా గిన్నె చప్పుడు వినగానే లేచి వస్తుంది. మీరు గుమ్మంలోకి రాగానే తోక ఊపుతుంది. అది మీ మీద ప్రేమ, నొప్పి లేదనడానికి రుజువు కాదు. పిల్లి గుర్రుగుర్రుమనడం కూడా అంతే. హాయిగా ఉన్నప్పుడు గుర్రుమంటుంది, బాధలో ఉన్నప్పుడూ గుర్రుమంటుంది. అడవిలో కుంటుతూ కనిపించిన జంతువు మీదే వేటాడేదాని కన్ను పడుతుంది. బలహీనతను దాచుకోవడం వాటికి పుట్టుకతో వచ్చిన రక్షణ. మన ఇంట్లో ఏ భయమూ లేదని వాటి ఒంటికి తెలియదు.

పిల్లి ముఖం

2019లో కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పిల్లి ముఖాన్ని బట్టి నొప్పిని అంచనా వేసే పద్ధతి ఒకటి ప్రచురించారు. ఇందులో చూడాల్సినవి ఐదు: చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల. ఒక్కోదానికి 0, 1, 2లలో ఒక అంకె వేస్తాం. మార్పు లేకపోతే 0, స్పష్టంగా ఉంటే 2, కొద్దిగా ఉన్నా, ఎటూ తేలకపోయినా 1.

హాయిగా ఉన్న పిల్లి చెవులు నిటారుగా ముందుకు తిరిగి ఉంటాయి. నొప్పిలో అవి ఒకదానికొకటి ఎడమై, పక్కకు వాలి, బయటివైపు తిరుగుతాయి. కళ్లు సగానికి ముడుచుకుంటాయి. నిద్రమత్తులో రెప్పలు మెత్తగా వాలతాయి, నొప్పిలో బిగుసుకుంటాయి. ఈ తేడా నాలుగు రోజులు చూస్తే పట్టుబడుతుంది. గుండ్రంగా ఉండే మూతి బిగిసి కోలగా అవుతుంది. వదులుగా వంగి ఉండాల్సిన మీసాలు తిన్నగా సాగి ముందుకు పొడుచుకొస్తాయి. తల భుజాల కన్నా కిందికి దిగుతుంది, ఒక్కోసారి గడ్డం గుండెకు ఆనుతుంది.

మొత్తం 10లో 4 గానీ అంతకు మించి గానీ వస్తే నొప్పికి మందు అవసరమని లెక్క. డాక్టరుకు ఫోన్ చేయండి. పిల్లి మేలుకుని, ఊరికే కూర్చుని ఉన్నప్పుడు కొంచెం దూరం నుంచి అర నిమిషం చూడాలి. తింటున్నప్పుడు, ఒళ్లు నాక్కుంటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు వేసిన అంకెలు పనికిరావు. ఇంకో మాట: ఈ పద్ధతిని అప్పటికప్పుడు వచ్చే తీవ్రమైన నొప్పి కోసం తయారుచేశారు. నెలల తరబడి సాగే కీళ్ల నొప్పిలో ముఖం ప్రశాంతంగానే ఉండవచ్చు. మా పిల్లి ముఖంలో నాకేమీ కనిపించలేదు. అది నొప్పిని చెప్పింది మానేసిన గెంతుతోనే.

కుక్క లేచే తీరు

కుక్కకైతే నేను ముందు చూసేది అది పడుకున్న చోటు నుంచి ఎలా లేస్తుందన్నదే. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒక్క కదలికలో లేస్తుంది. తుంటి నొప్పి ఉన్న కుక్క ముందు కాళ్లు రెండూ చాచి, ఛాతీ ఎత్తి, అక్కడ ఆగుతుంది. ఆ ఆగడాన్ని పట్టుకోవాలి. ఆ తర్వాత బరువంతా ముందు కాళ్ల మీద వేసి వెనక భాగాన్ని లాక్కున్నట్టుగా పైకి తెస్తుంది. మొదటి నాలుగడుగులు బిగుసుకుని ఉంటాయి, పది అడుగులయ్యేసరికి సర్దుకుంటాయి. ఆ పదో అడుగు చూసి "ఏమీ లేదు, బాగానే నడుస్తోంది" అనుకుంటాం.

నడిచేటప్పుడు తల వైపు చూడండి. ముందు కాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకు ఆనినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు ఆనినప్పుడు కిందికి వంగుతుంది. ఇదంతా ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి. ఆసుపత్రికి వెళ్లాక కొత్త చోటన్న కంగారులో చాలా కుక్కలు కుంటడం మానేస్తాయి. అక్కడ చెప్పే వంద మాటల కన్నా ఇంట్లో తీసిన అర నిమిషం వీడియో డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడుతుంది. రాత్రిళ్లు కారణం లేని రొప్పు, పదే పదే చోటు మార్చుకోవడం, ఒకే కీలును అదే పనిగా నాకడం కూడా రాసి పెట్టుకోండి.

చేత్తో చూడాలనుకుంటే అరచేతిని బల్లపరుపుగా ఉంచి మెడ నుంచి తోక దాకా నెమ్మదిగా నిమరండి. ఎక్కడో ఒకచోట అది తల తిప్పి మీ చేతిని చూస్తుంది, లేదా పెదవులు నాక్కుంటుంది, లేదా ఒక క్షణం ఊపిరి బిగబడుతుంది. అక్కడే ఆపండి. నొప్పి ఎక్కడుందో తేల్చుకోవడానికి నొక్కి చూడకండి. అది డాక్టరు పని.

ఊపిరి లెక్క

ఈ పాఠంలో తప్పకుండా అలవాటు చేసుకోవాల్సింది ఇదే. గుండె జబ్బు ఉన్నవాటికైతే మరీ ముఖ్యం. గాఢంగా నిద్రపోతున్నప్పుడు దగ్గర కూర్చుని పక్కటెముకలను చూడండి. పైకి లేచి కిందికి దిగితే ఒకటి. 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. కలలో కాళ్లు కొట్టుకుంటున్నప్పుడు, పిల్లి గుర్రుమంటున్నప్పుడు వద్దు. నిద్రలో ఉన్న కుక్కకైనా పిల్లికైనా నిమిషానికి 30 లోపు ఉండాలి. దాటితే కాసేపాగి మళ్లీ లెక్కపెట్టండి. మళ్లీ దాటితే ఆ రోజే డాక్టరుకు చెప్పండి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతూ ఉండవచ్చు. పొట్ట ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, పిల్లి నోరు తెరిచి రొప్పుతున్నా, చిగుళ్లు నీలంగా మారినా లెక్కలు పక్కన పెట్టి వెంటనే బయలుదేరండి.

మందు గురించి కొన్ని మాటలు

మీ మందుల పెట్టె తెరవకండి. పారాసెటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు. ఐబుప్రోఫెన్ కుక్కలకూ పిల్లులకూ కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మనుషుల సిరప్‌లలో కొన్నిటికి తీపి కోసం జైలిటాల్ కలుపుతారు, కుక్కకు అది విషం. కుక్కకు రాసిన మాత్ర పిల్లికి వేయడం కూడా అంతే ప్రమాదం.

డాక్టరు రాసిన మందును గడియారం చూసి వేయండి, ముఖం చూసి కాదు. మనుషుల ఉపశమన వైద్యానికి బాట వేసిన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (నయం కాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవారిని చూసుకునే చోటు) తెరిచినప్పుడు పట్టుబట్టిన సూత్రమిదే: నొప్పి తిరగబెట్టాక కాదు, తిరగబెట్టక ముందే తర్వాతి మోతాదు ఇవ్వాలి. జంతువుకు ఇది ఇంకా అవసరం, ఎందుకంటే తిరగబెట్టిందని అది మనకు చెప్పదు. నొప్పి మాత్రల వల్ల వాంతులైనా, తిండి మానేసినా, మలం నల్లగా వచ్చినా తర్వాతి మోతాదు ఆపి ఫోన్ చేయండి. ఇప్పటికే స్టెరాయిడ్ వాడుతుంటే ఆ మాట ముందే చెప్పండి, వాపు తగ్గించే రకం నొప్పి మాత్రలను స్టెరాయిడ్‌తో కలిపి వాడకూడదు.

పుస్తకం

అంకెలు రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. 2004లో అలీస్ విలలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు చివరి దశలో ఉన్న జంతువుల కోసం ఒక కొలమానం రూపొందించారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువగా ఉండటం అని ఏడు అంశాలు. ఒక్కోదానికి 0 నుంచి 10. పెద్ద అంకె మంచిది. మొత్తం 35 దాటితే ఉపశమన సేవ కొనసాగించవచ్చని అందులో ఉంది. నొప్పి అన్న అంశంలోనే ఊపిరిని కూడా ఆమె చేర్చారు. ఊపిరి అందకపోవడాన్ని మించిన బాధ లేదు కదా.

నేను దీన్ని వాడతాను గానీ కూడికను ఒక్కదాన్నే నమ్మను. ఆరు అంశాల్లో 6 చొప్పున వచ్చి, నొప్పి దగ్గర 0 వస్తే మొత్తం 36. అంకెల ప్రకారం పాసయింది, కానీ ఆ ప్రాణి ఊపిరి కోసం పెనుగులాడుతోంది. అందుకని కూడిక కన్నా ముందు తొలి అంకె చూడండి, ఆ తర్వాత పోయిన వారంతో పోల్చి చూడండి. ఇంట్లో ఇద్దరుంటే విడివిడిగా అంకెలు వేసుకోండి. రోజంతా ఎత్తుకుని తిరిగేవారికీ సాయంత్రం వచ్చి చూసేవారికీ ఒకే అంకె రాదు. ఆ తేడా దగ్గరే అసలు మాట్లాడుకోవాల్సింది ఉంటుంది.

ఈ వారం పని

ఏడు రాత్రులు నిద్రలో ఊపిరి లెక్కపెట్టి తేదీ వేసి రాయండి. ఇప్పుడు బాగానే ఉన్నా రాయండి. బాగున్నప్పటి అంకె లేకపోతే రేపటి అంకెను దేనితో పోలుస్తాం? పడుకుని లేచే వీడియో ఒకటి తీయండి. పుస్తకం మొదటి పేజీలో దానికి అన్నిటికన్నా ఇష్టమైన మూడు పనులు రాయండి. "ఆడుకోవడం" అని కాదు, "గేటు చప్పుడు వినగానే చెప్పు నోట కరుచుకుని రావడం" అని రాయండి. ఏడో రోజున వాటిలో ఎన్ని ఇంకా చేస్తోందో పక్కనే గుర్తు పెట్టండి.

వచ్చే పాఠం తిండి నుంచి మొహం తిప్పుకునే దశ గురించి. అప్పుడు ఈ పుస్తకం దగ్గర పెట్టుకుని కూర్చోండి, మొదటి పేజీతోనే మొదలుపెడదాం.