యూట్యూబ్‌కి తాళం వేస్తే క్రోమ్‌లోంచి దూరాడు

మాది వైజాగ్ ఎంవీపీ కాలనీ. మావాడి ఫోన్‌కి ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్ వాడకాన్ని పెద్దలు అదుపు చేసే గూగుల్ యాప్) పెట్టి యూట్యూబ్‌కి రోజూ అరగంటే ఇచ్చాను. అయినా వీడియోల మోత ఆగలేదు. చూస్తే, యాప్ ఆగగానే క్రోమ్‌లో అదే సైట్ తెరుస్తున్నాడు. తెలివికి మెచ్చుకోవాలి!

ఫ్యామిలీ లింక్‌లోనే క్రోమ్ సెట్టింగులకి వెళ్లి, బ్లాక్ చేసే సైట్లలో యూట్యూబ్‌ని చేర్చాను. వేరే బ్రౌజర్ దించుకోకుండా ప్లే స్టోర్ డౌన్‌లోడ్లకి నా అనుమతి తప్పనిసరి చేశాను. గేముల్లో ముక్కూమొహం తెలియనివాళ్లతో చాట్ మాత్రం ఆ గేము సెట్టింగుల్లోనే ఆపాలి. రాత్రి తొమ్మిదికి ఫోన్ దానంతటదే లాకైపోతుంది.

మొదట్లో ఇల్లు పీకి పందిరేశాడు. ఇప్పుడు సాయంత్రాలు ఆర్కే బీచ్, ముంత మసాలా. వాళ్ల నాన్నమ్మ ఫోన్‌కి ఇంకా తాళం పడలేదు. ఆవిడకి సీరియల్ కావాలి, వీడికి ఆవిడ కావాలి.