డీటీజీ ప్రింటర్ కొనే ముందు తెల్ల ఇంకు సంగతి తేల్చుకోండి

టీషర్టుల షాపుకు డీటీజీ (డైరెక్ట్ టు గార్మెంట్, అంటే బట్ట మీదే నేరుగా ఇంకు చిమ్మి ముద్రించే) ప్రింటర్ చూస్తున్నారా? స్పీడు, ధర తర్వాత అడగండి. ముందు తెల్ల ఇంకు సంగతి అడగండి. కాలేజీ ఫెస్టుకైనా, వినాయక చవితి మండపానికైనా ఎక్కువగా అడిగేది నల్ల షర్టే. నల్ల బట్ట మీద ఏ రంగు తేలాలన్నా కింద తెల్ల పొర పడాలి. ఆ ఇంకులో ఉండేది టైటానియం డయాక్సైడ్. బరువైన పొడి కాబట్టి కదలకుండా ఉంటే అడుగుకు దిగి, ట్యూబుల్లో పేరుకుని, చివరికి ఇంకు చిమ్మే హెడ్డును మూసేస్తుంది. అందుకే ఇంకును తనంతట తానే తిప్పే సర్క్యులేషన్ ఉన్న మిషనే తీసుకోండి. కాగితం ప్రింటర్‌ను మార్చి చేసిన చవక మిషన్ల జోలికి పోవద్దు.

కరెంటు పోతే ఆ తిప్పుడూ ఆగుతుంది, సగం పడ్డ షర్టూ పాడవుతుంది. యూపీఎస్ ఖర్చు మిషన్ ధరలోనే కలుపుకోండి. వరంగల్‌లో ఏప్రిల్, మే నెలల వడగాలికి నాజిళ్ల (హెడ్డులో ఇంకు వచ్చే సన్నని రంధ్రాల) దగ్గర ఇంకు ఆరిపోతుంది. తేమ మీటరు పెట్టి గదిలో 40–60 శాతం ఉండేలా చూసుకోవాలి. ఏసీ ఒక్కటే వేస్తే తేమ ఇంకా పడిపోతుంది, హ్యుమిడిఫయర్ కూడా కావాలి.

డెమోకు వెళ్లేటప్పుడు మీరు అమ్మే 180 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 180 గ్రాముల బట్ట) నల్ల కాటన్ షర్టులు, మీ డిజైనే పట్టుకెళ్లండి. అందులో చిన్న తెలుగు అక్షరాలు తప్పకుండా ఉండాలి. ‘స్త్ర’ కింది వత్తులు అతుక్కుపోతున్నాయా, ‘ఠ’ కడుపులో చుక్క పూడిపోతోందా దగ్గరగా చూడండి. రంగు అంచున తెల్ల గీత తొంగి చూస్తే తెల్ల పొరను 1–2 పిక్సెళ్లు లోపలికి కుదించి మళ్లీ తీయించండి. మొదట్లో, చివర్లో నాజిల్ చెక్ (అన్ని నాజిళ్లూ పనిచేస్తున్నాయో చూపే గీతల ప్రింటు) వేయించండి. పది షర్టులకే గీతలు తెగుతుంటే ఆ మిషన్ వద్దు.

ప్రీట్రీట్‌మెంట్ (తెల్ల ఇంకు బట్ట పైనే నిలిచేలా ప్రింటుకు ముందు ద్రవం చల్లడం) చేసేటప్పుడు షర్టును తూకం మీద పెట్టండి. 14×16 అంగుళాల జాగాకు సుమారు 20–30 గ్రాముల ద్రవం పడుతుంది. తక్కువైతే తెలుపు బట్టలోకి ఇంకి బూడిద రంగుకు తిరుగుతుంది. ఎక్కువైతే ప్రింటు చుట్టూ మరక, బట్ట అట్టలా బిగుసుకుంటుంది. హీట్ ప్రెస్ వేడి, సమయం ఇంకు కంపెనీ చెప్పినట్టే పెట్టాలి. వేడి చాలకపోతే ఉతుకులో రంగు రాలుతుంది. డెమోలో తీసిన షర్టును ఇంటికి తెచ్చి, ఒక రోజు ఆగి, తిరగేసి ఐదుసార్లు ఉతికాకే బేరం మాట్లాడండి.

క్రికెట్ జెర్సీల ఆర్డర్లే ఎక్కువైతే డీటీజీ మీకు పనికిరాదు, పాలిస్టర్ మీద ఇది సరిగా నిలవదు. ఒకే డిజైన్ 200 షర్టులంటే స్క్రీన్ ప్రింటింగే చవక. ఒకటీ రెండూ, రోజుకో డిజైన్ వచ్చే షాపుకే ఇది గిట్టుబాటు.

చివరగా సర్వీసు. ఇంజినీరు హైదరాబాద్ నుంచి వరంగల్‌కు దాదాపు 150 కిలోమీటర్లు రావాలి. ఎన్ని గంటల్లో వస్తాడు, డ్యాంపర్లు, వైపర్, క్యాపింగ్ స్టేషన్ లాంటి అరిగే విడిభాగాలు స్టాకులో ఉన్నాయా, హెడ్డు వారంటీలోకి వస్తుందా అన్నవి అడ్వాన్సు ఇవ్వకముందే కాగితం మీద రాయించుకోండి.