నిండు నెలల చదువు, 4వ పాఠం: ఒంట్లో తేడా కనిపిస్తే ఎలా చెప్పాలి

పోయిన పాఠంలో వారాలు లెక్కపెట్టడం నేర్చుకున్నాం కదా, ఆఖరి నెలసరి మొదలైన రోజుకి 9 నెలల 7 రోజులు కలిపితే డెలివరీ డేటు వస్తాదని, మొత్తం 280 రోజులు, అంటే 40 వారాలని. ఆ లెక్క ఇంకా వేసుకోనివాళ్ళు ముందు కార్డు తీసి వేసుకోండి, ఇవాళ దాంతోనే పని. ఒడిశా-ఆంధ్రా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడిలో "ఎనిమిదో నెల" అంటే ఒక్కో ఇంట్లో ఒక్కో లెక్క, అత్తగారు ఒకటి చెప్తాది, అమ్మ ఇంకోటి చెప్తాది, నర్స్ దీదీకి మాత్రం వారాలే కావాలి. ఎందుకంటే 33 వారాలకి నొప్పులొస్తే బిడ్డ ఊపిరితిత్తులకి బలానికి తల్లికి ఇంజెక్షన్ ఇస్తారు, పసిపిల్లల వార్డున్న పెద్దాసుపత్రికి పంపిస్తారు, 38 వారాలకి వస్తే అది మామూలు కాన్పు కిందే లెక్క.

ఇవాల్టి పాఠం ఏటంటే, 28 వారాలు దాటాక ఒంట్లో ఏదైనా తేడా అనిపిస్తే దాన్ని గమనించి, మాటల్లో పెట్టి, ఫోన్‌లో గాని ఆసుపత్రి గుమ్మంలో గాని చెప్పడం. ఇది నేర్చుకోవాల్సిన విద్యే, చదువుకున్నోళ్ళకి కూడా భయంలో మాట రాదు.

ముందు ఈ రెండు ఫోన్ కాల్స్ చూడండి. రాత్రి పది దాటింది, ఒక అత్తగారు ఆశా దీదీకి ఫోన్ చేసింది.

"దీదీ, మా కోడలికి ఒంట్లో బాగోలేదమ్మా."
"ఏమైంది పిన్నీ?"
"ఏటో, తలనొప్పి అంటోంది, అన్నం తినలేదు."
"ఎండలో తిరిగిందేమో, పడుకోమనండి, రేపు పొద్దున్న తీసుకురండి."

దీదీ తప్పేం లేదిక్కడ, ఆమెకి అందిన మాటలకి ఆ జవాబే వస్తాది. ఇప్పుడు అదే కోడలు, అదే రాత్రి, ఇలా చెప్తే చూడండి.

"దీదీ, మా కోడలికి 35 వారాలు, మొదటి కాన్పు. మధ్యాహ్నం మూడు నుంచి తలనొప్పి, పారాసిటమాల్ వేసినా తగ్గలేదు. ఇప్పుడు కళ్ళ ముందు మెరుపుల్లా వస్తన్నాయంటోంది. మొహం, చేతులు వాచాయి, ఉంగరం రావట్లేదు. పోయిన చెకప్‌లో బీపీ 138/88 అని కార్డులో ఉంది."

ఈ మాటలు విన్న ఏ దీదీ అయినా పొద్దున్న రమ్మనదు, బండి పిలవమంటాది. తేడా ఎక్కడుందంటే ఐదు సంగతులు వరసగా వచ్చాయి: ఎన్ని వారాలు, ఏమవుతోంది, ఎప్పట్నుంచి, రోజూ ఉండేదానికి ఇది ఎలా వేరు, ఇదివరకు కార్డులో ఏం రాసుంది. కార్డులోది అంటే బీపీ, షుగరు, రక్తం శాతం, ముందు కాన్పు ఆపరేషనా, బ్లడ్ గ్రూప్ నెగెటివా, సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉందా, మాయ కిందకి ఉందని స్కాన్‌లో రాశారా, ఇవి. ఈ ఐదూ ఒక కాగితం మీద రాసి కార్డులోనే పెట్టేయండి, మాట తడబడితే చూసి చదవడానికి.

ఇంక ఏ తేడాలు చెప్పాలో. అన్నీ ఒకే బరువుగా చెప్పను, ఎక్కువమంది తాత్సారం చేసేవాటి మీదే ఎక్కువసేపు ఉంటాను.

అందరికంటే ముందు బిడ్డ కదలిక. "నెలలు నిండేకొద్దీ చోటు సరిపోక బిడ్డ తగ్గి తిరుగుతాది" అని పెద్దోళ్ళు చెప్తారు, ప్రేమతోనే చెప్తారు, కాని అది నిజం కాదు. కదిలే తీరు మారొచ్చు, తన్నడం పోయి దొర్లినట్టు అనిపించొచ్చు, కదలిక మాత్రం కాన్పు వరకు తగ్గకూడదు. మీ బిడ్డ రోజులో ఎప్పుడెప్పుడు ఎక్కువ తిరుగుతాదో మీకే తెలుసు, డాక్టరుకి తెలీదు, మిషన్‌కీ తెలీదు. ఇవాళ ఎందుకో తక్కువగా ఉంది అని అనుమానం వస్తే ఏదైనా తిని, ఫోను పక్కన పడేసి, ఎడమ పక్కకి తిరిగి పడుకుని లెక్కపెట్టండి. లెక్క తప్పకుండా ఉండడానికి ఒక గిన్నెలో పది చింతపిక్కలు పెట్టుకోండి, బిడ్డ కదిలినప్పుడల్లా ఒక పిక్క తీసి పక్క గిన్నెలో వేయండి, తన్నినా దొర్లినా పొట్ట మీద అల కదిలినట్టు అయినా లెక్కే, ఎక్కిళ్ళు మాత్రం లెక్కలోకి రావు. రెండు గంటల్లో పది పిక్కలూ మారకపోతే అప్పుడే బయల్దేరాలి, అర్ధరాత్రైనా సరే, తెల్లారనిద్దాం అనుకోకూడదు. ఇది ఉత్త అనుమానం ఉన్నప్పుడు మాట, అసలు కదలికే లేదు అని మీకు తెలిసిపోతుంటే పిక్కలూ వద్దు గంటలూ వద్దు, నేరుగా ఆసుపత్రికే.

అక్కడికెళ్ళాక గుండె చప్పుడు ఒక్కసారి వినిపించి "బానే ఉంది, వెళ్ళండి" అంటే అంతటితో లేచి వచ్చేయకండి. గుండె కొట్టుకోవడం వేరు, బిడ్డ హాయిగా ఉండడం వేరు. "దీదీ, ఎన్‌ఎస్‌టీ తీస్తారా" అని అడగండి, అంటే పొట్టకి బెల్టులు కట్టి కాసేపు బిడ్డ గుండె గీత కాగితం మీద తీసే పరీక్ష, అది చిన్న ఆసుపత్రిలో లేకపోతే ఉన్నచోటికి రాసిమ్మనండి. ఆన్‌లైన్లో దొరికే చిన్న డాప్లర్ మిషన్ కొనుక్కుని ఇంట్లో బిడ్డ గుండె చప్పుడు విని ధైర్యం తెచ్చుకుని ఆగిపోవడం కూడా ప్రమాదమే.

రెండోది బీపీ. మనవాళ్ళు "నీరు పట్టింది" అని ఒక్క మాటలో తేల్చేస్తారు, సాయంత్రానికి పాదాలు కాస్త వాచడం చాలామందికి ఉండేదే, కాని పొద్దున్న లేచేసరికే మొహం, చేతులు వాచి ఉంటే, లేదా విడవని తలనొప్పి, కళ్ళు మసకలు, డొక్కకింద కుడిపక్కన గాని గుండెకింద గాని నొప్పి, వాంతులు, వీటిలో ఏ ఒక్కటున్నా ఆ రోజే బీపీ చూపించుకోవాలి. ఆ పొట్టపై నొప్పిని గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకునేవాళ్ళున్నారు, దయచేసి అలా చేయొద్దు. 140/90 అంటే ఆ రోజే డాక్టరుకి చూపించాల్సిన బీపీ, 160/110 అంటే ఇంక ఇంట్లో ఉండకూడదు. చెకప్‌లో "నార్మల్" అంటే ఊరుకోకండి, నంబరు అడిగి కార్డులో రాయించుకోండి, మూత్రంలో ప్రోటీన్ చూశారా అని కూడా అడగండి. పెద్దోళ్ళు గుర్రపువాతం అనేది దీని తర్వాత వచ్చే ఫిట్సే, అది గాలీ కాదు దెయ్యమూ కాదు, దానికి మెగ్నీషియం ఇంజెక్షన్ ఉంది, ప్రాణం నిలబెడతాది. ఫిట్స్ వస్తే నోట్లో చెంచా గాని తాళం చెవి గాని పెట్టకుండా, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయాలి. కాన్పయిపోయాక కూడా ఆరు వారాల వరకు ఈ బీపీ రావొచ్చు, అందుకే బాలింతకి తలనొప్పంటే పథ్యం మీద తోసేయకండి.

రక్తం కనిపించడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, నొప్పి ఉన్నా లేకపోయినా వెళ్ళాల్సిందే. నొప్పి లేకుండా ఎర్రగా పోతే మాయ కిందకి ఉండొచ్చు, పొట్ట రాయిలా గట్టిపడి నొప్పితో పోతే మాయ విడిపోతుండొచ్చు, కొన్నిసార్లు రక్తం లోపలే ఉండిపోయి బయటికి కొంచెమే కనిపిస్తాది కాబట్టి తక్కువే కదా అని ఆగొద్దు. మాయ కిందకి ఉందని స్కాన్‌లో రాసి ఉంటే ఆ మాట గుమ్మంలోనే చెప్పండి, లోపల చెయ్యి పెట్టి చూడకముందే వాళ్ళకి తెలియాలి. గ్రూపు నెగెటివ్ అయితే అదీ చెప్పండి, యాంటీ డి ఇంజెక్షన్ సంగతి వాళ్ళు చూస్తారు.

ఉమ్మనీరు పోతే మూడు చూసుకోవాలి, టైము, రంగు, వాసన. మూత్రమో ఉమ్మనీరో తెలీకపోతే శుభ్రమైన పొడి తెల్లగుడ్డ గాని ప్యాడ్ గాని పెట్టుకుని, కాసేపు నడిచి చూడండి, ఆపుకుందామన్నా ఆగకుండా తడుస్తుంటే ఉమ్మనీరే అనుకుని బయల్దేరండి, ఆ గుడ్డ కవర్లో పెట్టుకుని తీసుకెళ్తే డాక్టరు కళ్ళారా చూస్తారు. ఆకుపచ్చగా గాని గోధుమరంగులో గాని ఉంటే బిడ్డ లోపలే దొడ్డికెళ్ళిందని, అప్పుడు ఆలస్యం అసలు పనికిరాదు. నొప్పులు రాలేదు కదా అని ఇంట్లో కూర్చోవద్దు.

దురద గురించి ఎవరూ చెప్పరు అందుకే చెప్తున్నా. పొక్కులు లేకుండా అరచేతులు, అరికాళ్ళు దురదపెట్టి రాత్రులు ఎక్కువైతే అది లివరుకి సంబంధించింది కావొచ్చు, రక్తపరీక్ష ఉంటాది, వేపాకు రాసుకుని ఊరుకునేది కాదు. చలిజ్వరం కూడా అంతే, మా కొండ ఊళ్ళలో మలేరియా ఉంది, గర్భిణికి జ్వరమొస్తే అదే రోజు రక్తం చూపించాలి.

ఇప్పుడు మన సరిహద్దు గొడవ. ఇక్కడి కోడళ్ళు చాలామంది టెక్కలి నుంచో పలాస నుంచో పాతపట్నం నుంచో వచ్చినవాళ్ళు, మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్తారు, చెకప్‌లన్నీ ఒడిశాలో అయ్యి కాన్పు ఆంధ్రాలో అవుతాది, లేదా అటుదిటు. కాబట్టి కార్డు, స్కాన్లు, రక్తపరీక్షల కాగితాలు అమ్మాయి బ్యాగులోనే ఉండాలి, అత్తింటి బీరువాలో కాదు. అన్ని పేజీలూ ఫోన్‌లో ఫోటో తీసి భర్తకి, అమ్మకి పంపించి ఉంచండి. 108కి ఫోన్ చేసినప్పుడు సరిహద్దు ఊళ్ళలో ఫోను పక్క రాష్ట్రం టవరు పట్టుకుంటే కాల్ అటు వెళ్ళిపోవచ్చు, అందుకే మొదటి మాటలోనే ఊరు, బ్లాకు, జిల్లా, రాష్ట్రం నాలుగూ చెప్పండి, "కాశీనగర్ బ్లాకు, గజపతి జిల్లా, ఒడిశా" అని. ఒడిశాలో గర్భిణుల బండికి 102 కూడా ఉంది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష పథకం కింద సర్కారీ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, రక్తం, రానూపోనూ బండి అన్నీ ఉచితమే, డబ్బుల కోసం ఆగాల్సిన పని లేదు. కొండమీద ఊరైతే, వానల్లో దారి తెగుతాదనుకుంటే, డేటుకి ముందే వచ్చి ఉండడానికి "మా గృహ" అనే ఇళ్ళున్నాయి, మీకు దగ్గర్లో ఎక్కడుందో ఆశా దీదీని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రిలో తెలుగు మాట్లాడేవాళ్ళు దొరుకుతారు, బరంపురం ఎంకేసీజీ పెద్దాసుపత్రికి పంపిస్తే మాత్రం రాత్రి డ్యూటీలో ఎవరుంటారో చెప్పలేం. ఒడియా రాని అమ్మాయిలు ఈ నాలుగు ముక్కలు నోటికి పట్టేయండి. పిలా హొలుని, బిడ్డ కదలట్లేదు. రొక్తొ జాఉఛి, రక్తం పోతోంది. పాణి బాహారుఛి, నీళ్ళు పోతున్నాయి. ముండొ బొహుత్ బింధుఛి, తల బాగా నొప్పిగా ఉంది. ఉచ్చారణ సరిగ్గా లేకపోయినా పర్లేదు, అర్థమవుతాది.

అంతా చెప్పినా "ఏం కాదు, వెళ్ళండి" అంటే? దెబ్బలాడొద్దు, లేచి వచ్చేయనూ వద్దు. మెల్లిగా మూడు అడగండి: బీపీ ఎంత ఉంది, బిడ్డ గుండె నిమిషానికి ఎంత కొట్టుకుంటోంది (110 నుంచి 160 మధ్య ఉండాలి), ఇంటికెళ్ళాక ఏం కనిపిస్తే వెంటనే మళ్ళీ రావాలి. జవాబులు కార్డులో రాయమనండి. రాయమని అడిగేసరికి చాలామంది ఇంకోసారి చూస్తారు, ఇది నేను ఎన్నోసార్లు గమనించాను. ఇంటికొచ్చాక మళ్ళీ అదే తేడా ఉంటే మళ్ళీ వెళ్ళండి, నిన్ననే వచ్చాం కదా ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు, రెండోసారి వచ్చిన తల్లిని ఇంకా జాగ్రత్తగా చూడాలని డాక్టర్లకి చెప్పే చదువులోనే ఉంటాది. ప్రతి నెలా 9వ తేదీన సర్కారీ ఆసుపత్రుల్లో గర్భిణులకి డాక్టరు చూసే రోజుంది, 2016 నుంచి నడుస్తోంది, చిన్న చిన్న అనుమానాలు దానికి దాచుకోండి, పైన చెప్పినవి మాత్రం 9వ తేదీ వరకు దాచేవి కావు.

ఈ వారం అభ్యాసం. ఒకటి, ఐదు సంగతుల కాగితం మీది మీరే రాసుకోండి, వారాలు మాత్రం పెన్సిల్‌తో, ప్రతి వారం మార్చడానికి. రెండు, రాత్రి భోజనాలయ్యాక భర్తతోనో అత్తగారితోనో ఒకసారి ఫోన్ నాటకం ఆడండి, వాళ్ళు దీదీ, మీరు మీరే, తర్వాత తిప్పండి, వాళ్ళు ఫోన్ చేసేవాళ్ళు, ఎందుకంటే ఆ రాత్రి మీరు మాట్లాడే స్థితిలో ఉండకపోవచ్చు. ఒక్క నిమిషంలో ఐదూ వచ్చేవరకు చేయించండి. మూడు, పది చింతపిక్కలు తలగడ పక్కన.

వచ్చే పాఠంలో బండి, రక్తం ఇచ్చే మనిషి, ఇంట్లో మిగతా పిల్లల్ని చూసుకునేదెవరు, ఈ ఏర్పాట్లు ముందే ఎలా కుదుర్చుకోవాలో చూద్దాం.