సొంత పాటల ఆల్బమ్ విడుదల: మాస్టర్ నుంచి శుక్రవారం దాకా

పాట రాసి, బాణీ కట్టి, పాడేది కూడా మీరే అయితే, కంపెనీ అండ లేకుండానే ఆల్బమ్ బయటికి తేవచ్చు. ఒక్కటి మాత్రం గట్టిగా పాటించండి: ఆఖరి పాట మాస్టర్ (విడుదలకు సిద్ధమైన తుది ఆడియో ఫైలు) చేతికొచ్చేదాకా విడుదల తేదీ ఎవరికీ చెప్పకండి. తేదీ ముందే ప్రకటించేస్తే చివరి రెండు పాటల మిక్స్ (గొంతు, వాద్యాల ట్రాకుల్ని కలిపే పని) హడావిడిగా ముగుస్తుంది. ఆ తొందర విన్న ప్రతిసారీ తెలిసిపోతుంది.

మాస్టరింగ్‌కు, అంటే మిక్స్‌కు తుది మెరుగులు దిద్దే పనికి, 24 బిట్ వేవ్ ఫైళ్లు పంపాలి, రికార్డు చేసిన శాంపిల్ రేటులోనే. మాస్టర్ ఛానెల్ మీది లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే సాధనం) తీసేసి, పీక్ (అతి బిగ్గర క్షణం) మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉంచండి. పాటలన్నీ ఒకేసారి, వరసతో సహా ఇవ్వండి. విడివిడిగా చేయిస్తే వినేవాళ్లు పాటపాటకీ వాల్యూమ్ సర్దుకోవాల్సి వస్తుంది. స్పాటిఫై మామూలుగా పాటల్ని మైనస్ 14 లఫ్స్ (పాట ఎంత బిగ్గరగా వినిపిస్తుందో కొలిచే కొలమానం) దగ్గరకు తెస్తుంది. అంతకన్నా బాగా బిగ్గరగా చేయిస్తే అది ఎలాగూ తగ్గించేస్తుంది, మీకు మిగిలేది పదును పోయిన డప్పు దెబ్బే. ట్రూ పీక్ (పాట మోగేటప్పుడు శబ్దం నిజంగా చేరే గరిష్ఠం) మైనస్ 1 డెసిబెల్ దాటనివ్వకండి.

మాస్టర్లు వచ్చాక ఇయర్‌ఫోన్లలో, ఫోన్ స్పీకర్లో, కారులో మొదటి నుంచి చివరిదాకా వినండి. శ, ష, స పలికిన చోట చెవిలో గుచ్చుకుంటుంటే మిక్స్‌కే వెనక్కి వెళ్లి, గొంతు ట్రాక్ మీద డీ-ఎస్సర్ (ఆ గుచ్చుకునే శబ్దాన్ని తగ్గించే సాధనం) వేయించాలి. మాస్టర్ మీద తగ్గిస్తే గొంతుతోపాటు సింబల్స్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్లేలు) కూడా మసకబారతాయి.

వాయించినవాళ్లతో, పల్లవి సాయం చేసినవాళ్లతో ఒక్క పేజీ ఒప్పందమైనా రాసుకోండి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీకి గడువు రాయకపోతే ఐదేళ్లే అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. డల్లాస్‌లోనూ వినిపించే పాటకు ఆ రెండు గీతలూ ఖాళీగా వదలకూడదు.

ఎక్కువ తప్పులు జరిగేది డిస్ట్రిబ్యూటర్ (మీ పాటల్ని యాప్‌లకు చేర్చే సంస్థ) ఫారంలో వివరాలు నింపే దగ్గరే. 'లక్ష్మి'ని ఇంగ్లిష్‌లో ఒకచోట కె-ఎస్-హెచ్‌తో, ఇంకోచోట ఎక్స్‌తో రాస్తే మీ పాటలు యాప్‌లో రెండు ఆర్టిస్ట్ పేజీల మధ్య చీలిపోతాయి. మీ పేరే ఉన్న మరో గాయకుడి పేజీలో పడే ప్రమాదమూ ఉంది. అందుకే డిస్ట్రిబ్యూటర్ ఫారంలో మీ ఆర్టిస్ట్ పేజీ లింకు ఇవ్వండి. ముందే సింగిల్‌గా వదిలిన పాటను ఆల్బమ్‌లో పెడుతుంటే పాత ఐఎస్ఆర్‌సీ కోడే (ఒక్కో రికార్డింగ్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య), పాత ఆడియో ఫైలే వాడాలి. కొత్త కోడ్ తీసుకుంటే వినికిడి లెక్క సున్నా నుంచి మొదలవుతుంది.

కవర్ 3000 బై 3000 పిక్సెళ్ల చదరం. దాని మీద వెబ్ చిరునామాలు, ధరలు, యాప్ లోగోలు ఉంటే తిప్పి పంపుతారు. తెలుగు అక్షరాలు వేస్తుంటే ఫొటోషాప్ టైప్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి. లేకపోతే ఒత్తులు ఊడి పక్కన పడతాయి, తెలుగు చదవని డిజైనర్‌కు అది కనిపించదు.

అన్నీ చేతికొచ్చాక నాలుగు వారాల అవతలి శుక్రవారం ఎంచుకుని అప్‌లోడ్ చేయండి. 2015 జూలై నుంచి ప్రపంచమంతటా కొత్త పాటలు వచ్చే రోజు శుక్రవారమే. స్పాటిఫై ఎడిటర్లకు ఆల్బమ్ నుంచి ఒక్క పాటే పంపగలరు. విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు పంపితే అదే పాట మీ ఫాలోయర్లకు కొత్త పాటలు చూపే రిలీజ్ రాడార్ ప్లేలిస్టులోకి వెళ్తుంది. వినగానే పట్టేసే పాటనే పంపండి, మీకు ప్రియమైనది కాకపోయినా సరే.

కొన్న బీట్ లేదా లూప్ వాడిన పాటకు యూట్యూబ్ కంటెంట్ ఐడీ (మీ ఆడియో వాడిన వీడియోల్ని గుర్తుపట్టే ఏర్పాటు) పెట్టకండి. అదే లూప్ కొన్న ఇతరుల వీడియోల మీదా క్లెయిమ్ పడుతుంది.

డిస్ట్రిబ్యూటర్ ఇచ్చేది రికార్డింగ్ డబ్బు. సాహిత్యానికి, బాణీకి వచ్చే రాయల్టీ వేరు. దానికి ఐపీఆర్ఎస్ (రచయితల, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే సంఘం)లో రచయితగా, స్వరకర్తగా సభ్యత్వం తీసుకుని, ప్రతి పాటనూ వాటాలతో సహా విడిగా నమోదు చేయాలి. ఈ పని విడుదలకు ముందే అయిపోవాలి.