లేక్ పవెల్‌లో బాస్ ఫిషింగ్‌కి వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

ఫీనిక్స్ నుంచి పేజ్ అనే ఊరికి డ్రైవ్ చేసి, అమెరికాలో అరిజోనా-యూటా సరిహద్దులో ఉన్న లేక్ పవెల్ రిజర్వాయర్‌లో బాస్ చేపలు పట్టుకుందాం అనుకుంటున్నారా, అయితే ముందు నీటి మట్టం చూడండి. నిండితే సముద్ర మట్టానికి 3,700 అడుగుల ఎత్తు, ఇప్పుడు చాలా ఏళ్లుగా దానికి బాగా కిందే ఉంటోంది, అందుకే ఏ ర్యాంప్ (బోటుని నీళ్లలోకి దింపే వాలు) తెరిచి ఉందో కనుక్కున్నాకే బోటుని బండికి కట్టండి, లేదంటే అంత దూరం వెళ్లి వెనక్కి రావాల్సిందే.

గాలి సంగతి అస్సలు తేలిగ్గా తీసుకోకండి ప్లీజ్. రెండు పక్కలా గోడల్లాంటి నిలువు కొండలు, ఒడ్డుకి చేరదామంటే చోటుండదు, అలలు గోడకి కొట్టుకుని తిరిగొస్తాయి. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి ఏదో ఒక కోవ్‌లోకి (గాలి తగలని చిన్న నీటి మలుపు) వచ్చేయండి. జులై నుంచి సెప్టెంబర్ దాకా మాన్సూన్, ఆ టైంలో ఇరుకు సందుల్లో టెంట్ వేయొద్దు, వాన ఎక్కడో పడినా వరద మన మీదికే వస్తుంది.

లైఫ్ జాకెట్ పిల్లలకే కాదు, మీరూ వేసుకోండి. వసంతంలో ఎండ మండిపోతున్నా నీళ్లు మాత్రం గడ్డకట్టించేంత చల్లగా ఉంటాయి.

సరస్సు మీద బోటుకి పెట్రోల్ బంకులు చాలా దూరం దూరం, ట్యాంకులో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది అలాగే ఉంచుకోండి. సిగ్నల్ ఉండదు, పేపర్ మ్యాప్ పెట్టుకోండి. మనిషికి రోజుకి 4 లీటర్ల మంచినీళ్లు.

ఫిషింగ్ లైసెన్స్, పోర్టబుల్ టాయిలెట్ మర్చిపోవద్దు. ప్రాణంతో ఉన్న చేపల్ని ఎరగా వాడకూడదు.

తిరిగొచ్చేటప్పుడు క్వాగా మసెల్స్ (బోటుకి అతుక్కుని వ్యాపించే చిన్న గుల్లలు) వేరే చెరువులకి పాకకుండా బోటులో నీళ్లన్నీ తీసేసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టండి.