కోడ్ ఏజెంటుకు అప్పగించే ముందు గుమాస్తాను అడగండి

భీమవరంలో ఏజెంటు అంటే చెరువు గట్టు మీదికి వచ్చి రొయ్యకు బేరం కుదిర్చే మనిషి. మా ఇంట్లో కోడ్ రాసే కృత్రిమ మేధ ఏజెంటును పెట్టుకున్నానని చెబితే మా అత్తగారు వెంటనే "కమీషన్ ఎంతట?" అని అడిగారు.

నేను చూసుకునే ప్రోగ్రాము ఉండి దగ్గర ఒక రొయ్యల వ్యాపారిది. 2012లో రాసింది. తూకం చీటీ నుంచి రైతు చేతికి పైకం అందేదాకా లెక్కంతా అందులోనే ఉంటుంది. ఈ ఏజెంటును దాని మీదికి దింపిన మొదటి వారంలోనే ఒక రైతు ఫోను చేశాడు, కిలోకు ధర తగ్గిందేమని.

రొయ్యల ధర కౌంటును బట్టి ఉంటుంది. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. చెరువులో మూడు చోట్ల నమూనా తీసి లెక్కపెడితే 38, 39, 39 వచ్చాయి, సగటు 38.67. పాత కోడ్ భిన్నాన్ని కొట్టేసి 38 ధర కట్టేది. ఏజెంటు అది పొరపాటనుకుని 39కి సవరించింది. నేనూ చూసి సరేనన్నాను. ఆ వ్యాపారి దగ్గర లెక్కలు చూసే గుమాస్తాగారు మాత్రం, "అది పొరపాటు కాదమ్మా, రైతుకు ఇచ్చే మర్యాద" అన్నారు. ఆ మర్యాద కోడ్‌లో ఎక్కడా రాసి లేదు.

అప్పటి నుంచి ఏజెంటుకు కోడ్ అప్పగించే ముందు, దానికి తెలియాల్సినవి ఒక కాగితంగా రాసిపెడుతున్నాను. నా పద్ధతి ఇది. ముందు ప్రోగ్రామును కొత్త కంప్యూటర్లో మీరే నడిపించండి. ఇచ్చిన ప్రతి ఆదేశాన్నీ వరసగా రాసుకోండి, పని చేయనివాటితో సహా. మా ప్రోగ్రాము రాసిన భాష పీహెచ్‌పీ, సర్వరులో ఉన్నది దాని 5.6 వెర్షను, దానికి మద్దతు 2018 చివరికే ఆగిపోయింది. ఏజెంటు అలవాటుగా రెండు ప్రశ్నార్థకాల గుర్తు (??) వాడుతుంది. అది 7లో వచ్చింది కాబట్టి మా దగ్గర పేజీ తెరుచుకోదు. వెర్షను సంగతి కాగితం మొదటి వాక్యంలోనే చెప్పాలి.

తర్వాత కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్ చరిత్ర తీసి, ఏ ఫైలు ఎన్నిసార్లు మారిందో లెక్కించండి. మా దాంట్లో నాలుగు వందల ఫైళ్లున్నా మార్పుల్లో సగానికి పైగా ఆరింటిలోనే జరిగాయి. మిగతావి చదవకపోతే కొంపలేమీ మునగవు. ఆ ఆరింటిలో వింతగా కనిపించిన ప్రతి చోటా ఏ వరస ఎప్పుడు ఎవరు మార్చారో చెప్పే గిట్ బ్లేమ్‌తో తేదీ చూడండి. "మార్పు" అని ఒక్క మాట రాసి వదిలేసిన కమిట్లకు, అంటే గిట్‌లో నమోదైన మార్పులకు, తేదీయే సాక్ష్యం. మార్చి 31 రాత్రి చేసిన ఒక కమిట్ వల్లే, బిల్లు నంబర్లు ఏప్రిల్ 1న మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయని నాకు అర్థమైంది. అంటే ఏడాది జతచేయకుండా నంబరుతో మాత్రమే బిల్లును వెతకకూడదు.

ఇక అసలు పని. చెరువులో రొయ్య పట్టిన ఒక్క పట్టుబడిని తీసుకుని నమూనా, తూకం, ధర, బాకీ కోత, చెల్లింపు వరకు కోడ్ వెంట నడవండి. పక్కన గుమాస్తాగారిని కూర్చోబెట్టుకోండి. ఆయన "అది అంతే" అన్న ప్రతిచోటా ఆగి, ఎందుకని అడగండి. నా కాగితంలో సగం ఆ జవాబులే.

వాటిని ఏజెంట్స్.ఎండి (AGENTS.md) అనే ఫైలులో పెట్టి ప్రాజెక్టు మొదటి ఫోల్డర్లో ఉంచండి. మీ ఏజెంటు క్లాడ్ కోడ్ అయితే క్లాడ్.ఎండి (CLAUDE.md) చదువుతుంది. ఏ ఫోల్డర్లో ఏముందో పేజీలకొద్దీ వర్ణించకండి, అది ఏజెంటు తనే వెతుక్కోగలదు. ప్రతిసారీ పని మొదట్లో ఈ ఫైలంతా చదువుతుంది కాబట్టి పొడవు పెరిగితే ముఖ్యమైన మాట మరుగున పడుతుంది. నాది ఒకటిన్నర పేజీ. అందులో ఇలా ఉంటుంది: "కౌంటు అంటే సరుకు సంఖ్య కాదు, కిలోకు రొయ్యలు. భిన్నం ఎప్పుడూ కొట్టేయాలి. ధరల ఫైలు మార్చాలంటే ముందు నన్ను అడగాలి." పాస్‌వర్డులు మాత్రం రాయకండి.

రాశాక పరీక్ష పెట్టండి. కొత్తగా ఏజెంటును తెరిచి, కోడ్ మార్చవద్దని చెప్పి, ప్రశ్నలు మాత్రమే అడగండి: సగటు 41.9 వస్తే ఏ కౌంటు ధర? నిరుటి 17వ బిల్లును ఎలా వెతుకుతావు? తప్పు చెబితే కోడ్ జోలికి పోకుండా కాగితం దిద్దండి. నిన్న ఎనిమిది అడిగితే రెండు తప్పింది. రెండూ మేత బాకీ కోత గురించే. రేపు మళ్లీ ఉండి వెళ్లాలి.